పనివాని చేతికి పద్దు పుస్తకము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ గ్రంథాలయమునకు శుభము పలుకుటకు వచ్చిన పెద్దలు వేదికమీద చాలమంది కలరు. వారివలె సాహిత్యమును గూర్చి ముచ్చటింపగల శక్తి నాకు లేదు. నేను ఉద్యోగకాలమంతయు ఒక సహకార సంఘములో పద్దులు వ్రాసినవాడను. అందుచేత కార్యవర్గమువారు నన్నొక పద్దుల విషయమునే మాటాడుమనిరి. సెల్‌ఫోనులోని యాప్‌ల ద్వారా ఆటోలు, టాక్సీలు నడుపువారును, ఇంటింటికి భోజనమును సరకులను చేరవేయువారును ఈ కాలమున గిగ్ కార్మికులని పిలువబడుచున్నారు. తమచేత పని చేయించు ఆ యాప్‌లకు వీరే యజమానులు కాగలరా? ఇదియే వారు నాకిచ్చిన ప్రశ్న.

ఇది పట్టణపు గొడవ, మనకేల అని కొందరికి తోచవచ్చును. కాని మన గ్రామములో ఏ వాడకు పోయినను, రాజీవ్ రహదారిమీద బస్సెక్కి హైదరాబాదు పోయి బండి నడుపుచున్న పిల్లవాడొకడు లేని వాడ లేదు. 2020-21లో దేశమందు ఇట్టి పనివారు 77 లక్షల మంది యుండిరనియు, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షల మంది కాగలరనియు నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసినది. అంత పెద్ద లెక్క నాకు కంటికానదు. నాకు తెలిసినది మా అన్నగారి కుమారుని లెక్క యొక్కటే. ముందుగా దానిని మనవి చేసెదను.

వాడు డిగ్రీ చదివినాడు. కిస్తులమీద మోటారు సైకిలు కొని, హైదరాబాదులో ఒక కంపెనీ యాప్‌మీద భోజనపు పొట్లములు మోయుచుండెను. గడచిన సంవత్సరము వానకాలమున ఒక ఉదయము నాకు ఫోను చేసెను.

"చిన్నాయనా, నా ఐడీ బంద్ అయింది."

"ఎవరు బంద్ చేసిండ్రు రా?"

"ఎవరో తెల్వది. పొద్దున లేచి చూసెవరకు బంద్ ఉంది. గంతే."

"పోయి ఆఫీసుల అడుగరాదు?"

"ఆఫీసు యాడున్నదో తెల్వది చిన్నాయనా. ఫోన్లనే రాయాలె. రాస్తె, మీ ఫిర్యాదు అందింది అని జవాబొస్తది. రోజూ గదే జవాబు."

పదునొకండు దినములు వాడు గదిలో కూర్చుండెను. పండ్రెండవ దినమున ఐడీ దానంతట అదియే తెరచుకొన్నది. ఏల మూసిరో, ఏల తెరచిరో నేటికిని తెలియదు. వాడేదైన తప్పు చేసియుండవచ్చును. అట్లు కాదని నేను ప్రమాణము చేయజాలను. కాని తప్పేదో తెలిసినగదా మనిషి దిద్దుకొనుట! ఆ నెల కిస్తు మా అన్నగారు వడ్లు అమ్మిన పైకముతో కట్టిరి. నేను పనిచేసిన సంఘములో ఎంతటి మొండి బకాయిదారునైనను తీర్మానము లేక సభ్యత్వమునుండి తొలగించిన దినము లేదు. నోటీసు ఇచ్చుట, పిలిచి వినుట, మినిట్సు పుస్తకములో వ్రాయుట, చేవ్రాళ్లు చేయించుట — ఈ తతంగమునకు మేమే విసుగుకొనువారము. దాని విలువ నాకు ఆ పదునొకండు దినములలో తెలిసినది.

ఇక అసలు విషయము. ఈ యాప్ కంపెనీకిని పనివానికిని గల సంబంధ మెట్టిది? మన సిద్దిపేట గొల్లభామ చీరను తలచుకొనుడు. నెత్తిన కుండతో నిలిచిన ఆ గొల్లభామను మగ్గముమీద నేసిన చేతులకు పూర్వము సాహుకారు నూలిచ్చెడివాడు, చీర తీసికొని కూలి యిచ్చెడివాడు. నూలు ధర అతడు చెప్పినదే, చీర ధర అతడు చెప్పినదే. నేతగానికి సంత కనబడదు. ఆ కట్టు నుండి బయటపడుటకే చేనేత సహకార సంఘములు పుట్టినవి. నూలు కలిసి కొందుము, చీర కలిసి అమ్ముదము, మిగిలినది పంచుకొందమని వారు సంకల్పించిరి.

యాప్ కంపెనీ ఆ సాహుకారుకంటె చిత్రమైనది. సాహుకారు నూలైనను ఇచ్చెను. ఇచ్చట బండి పనివానిది, పెట్రోలు పనివానిది, ఫోను పనివానిది, ఎండవానలకోర్చు ఒళ్లు పనివానిది. మరి కంపెనీది ఏమి? పద్దు పుస్తకము. ఏ వీధిలో ఎవరికి బండి కావలెను, ఆ బేరము ఎవరికి పంపవలెను, ధర యెంత, ఏ డ్రైవరు మంచివాడు, ఎవనిని నిలుపవలెను, ఎవనిని తీసివేయవలెను — ఇవన్నియు వ్రాసియున్న పుస్తకమది. కాగితమునకు బదులు కంప్యూటరులో నున్నది, అంతియే భేదము. ఆ పుస్తకమును చూపినందుకు వంద రూపాయల బేరములో 20 నుండి 30 రూపాయల దాక కమీషను తీసికొనుట పలుచోట్ల పరిపాటి యైనది. పద్దు వ్రాసి బ్రతికినవాడను గనుక, పద్దు వ్రాయుట కష్టము కాదని నేననను. వ్రాసినవానికి కూలి ముట్టవలసినదే. కాని వ్రాసినవాడు మొత్తము వ్యాపారమునకు యజమాని యగుట ఏ న్యాయము?

కమీషనును గూర్చి ఇటీవల ఒక మార్పు వచ్చినది. 2022 నవంబరులో బెంగళూరులో ఆటో డ్రైవర్ల సంఘముతో కలిసి ఒక కంపెనీ 'నమ్మ యాత్రి' యను యాప్‌ను తెచ్చినది. ప్రయాణికుడిచ్చిన పైకమంతయు డ్రైవరుకే చేరును. మొదట ఏ రుసుమును లేకుండెను. 2023లో రోజుకు 25 రూపాయలు, లేదా ప్రయాణమునకు మూడున్నర రూపాయల చొప్పున రుసుము పెట్టిరి. అదియే 2024లో 'మన యాత్రి' యను పేర హైదరాబాదునకు వచ్చినది. ఈ పద్ధతికి జనాదరణ కలుగుట చూచి, 2025లో ఊబరు సైతము ఆటోల విషయమున కమీషను మాని రోజువారీ రుసుము పద్ధతిలోనికి దిగినది. డ్రైవర్లకిది మేలే. కాదనువాడు వట్టి వాదులాటగాడు.

అయినను సోదరులారా, కమీషను లేకపోవుట వేరు, యాజమాన్యము వేరు. ఈ రెంటిని ఒక్కటిగా భావించి మన పిల్లలు చాలమంది మోసపోవుచున్నారు. నమ్మ యాత్రిలో 2024లో బయటి మదుపరులు పెట్టుబడి పెట్టిరి. వారిలో గూగుల్ ఒకటి. పెట్టుబడి పెట్టినవాడు రాబడి కోరుట సహజము. నేడున్న రుసుము రేపు ఎంత యగునో నిర్ణయించు సభలో డ్రైవరుకు ఓటు లేదు. మా పిల్లవాని ఐడీ మూసినది కమీషను కాదు. తాళము మరియొకరి చేత నుండుట వలన మూయబడినది. అద్దె తగ్గిన యిల్లు అద్దె యిల్లేగదా.

ప్రభుత్వము ఊరకున్నదా యని మీరడుగవచ్చును. లేదు. రాజస్థాన్ 2023లో దేశమునందెల్ల మొదటగా గిగ్ కార్మికుల చట్టము చేసినది. మన తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో వీరికి 5 లక్షల రూపాయల ప్రమాద బీమాను ప్రకటించినది. 2025 ఏప్రిల్‌లో ఒక బిల్లు ముసాయిదాను ప్రజల యభిప్రాయమునకు వెలువరించినది. కార్మికుల నమోదు, ప్రతి లావాదేవిమీద సంక్షేమ నిధికి కొంత రుసుము, కారణమును ముందు నోటీసును లేక పనినుండి తొలగింపరాదను నియమము అందు కలవు. హైదరాబాదులోని గిగ్ కార్మికుల సంఘమువారు ఇందుకై చాల తిరిగిరి. చట్టము అవసరమే. చట్టము సాహుకారును మంచి సాహుకారుగా చేయగలదు. నేతగానిని యజమానిగా చేయు పని మాత్రము నేతగాండ్రదే.

అట్లు చేసిన వారెవరైన కలరా? కలరు. 2014లో న్యూయార్కులోని ట్రెబర్ షోల్జ్ అను అధ్యాపకుడు ఈ ఆలోచనకు 'ప్లాట్‌ఫారమ్ సహకారము' అను అర్థము వచ్చు పేరు పెట్టెను. 2021లో ఆ నగరమందే టాక్సీ డ్రైవర్లు సహకార సంఘముగా ఏర్పడి తమ సొంత యాప్‌ను నడుప మొదలిడిరి. ఫ్రాన్సు దేశములో సైకిళ్లమీద సరకులు చేరవేయువారు 'కూప్‌సైకిల్' అను సమాఖ్యను కట్టుకొనిరి. ఇందులో నా మనస్సునకు పట్టిన విషయమొకటి కలదు. వారు యాప్‌ను ఒక్కసారి వ్రాసికొని, ఊరూరి చిన్న సంఘములన్నియు దానినే వాడుకొనుచున్నవి. సహకార సంఘమైనగాని దానిని వ్యాపారమునకు వాడుకొనరాదని షరతు. అనగా పది ఊళ్లకు పది బావులు త్రవ్వక ఒక చెరువు త్రవ్వి తూములు పెట్టుకొనినట్లు.

మన దేశములో 2025 జూన్‌లో 'సహకార్ టాక్సీ' యను బహుళ రాష్ట్ర సహకార సంఘము నమోదైనది. అమూల్, ఇఫ్కో, నాబార్డు మొదలగు ఎనిమిది పెద్ద సంస్థలు దానికి వెన్నుదన్నుగా నిలిచినవి. 'భారత్ టాక్సీ' యను పేర 2025 డిసెంబరులో ఢిల్లీలోను గుజరాతులోను ప్రయోగాత్మకముగా బండ్లు నడుప మొదలిడినది. డ్రైవర్లు అందులో వాటాదారులు. మంచి యత్నము. అయినను పద్దుల మనిషిగా నాకొక సందేహము. పైనుండి క్రిందికి కట్టిన సంఘమును నేను చూచితిని. పెద్ద సంస్థలు పోసిన పునాదిమీద డ్రైవరు నిజముగా యజమాని యగునా, లేక వాటా కాగితము జేబులో పెట్టుకొన్న మరియొక పనివాడగునా యనుట కొన్ని సంవత్సరముల ఎన్నికలు, ఆడిట్లు చూచినగాని చెప్పరాదు.

ఈ సందేహమును నాకు మన చేనేత సంఘములే నేర్పినవి. అవి అంత గొప్ప ఉద్దేశముతో పుట్టియు, క్రమముగా చీర కొనుటకు ప్రభుత్వపు ఆప్కోవైపు, తరువాత టెస్కోవైపు చూచుటకు అలవాటుపడినవి. కొనుగోలు ఆలస్యమైన సంఘము మూలుగును. పలు సంఘములకు సంవత్సరముల తరబడి ఎన్నికలే జరుగక పర్సన్ ఇన్‌చార్జీల చేతిలో నడచినవి. సభ్యుడు సభకు రాడు, వచ్చినను పద్దు అడుగడు. సాహుకారు పోయి అధికారి వచ్చినట్లయినది. ఈ మాట చెప్పుటకు నాకు బాధగానే యున్నది. ఆ పద్దులు వ్రాసినవారిలో నా వంటివారును కలరు.

అట్లని నిరాశ పడనక్కరలేదు. సిద్దిపేటనుండి హుస్నాబాదు దాటి కొంతదూరము పోయిన ముల్కనూరు వచ్చును. అచ్చట 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు 14 గ్రామముల రైతులను కూర్చి ఒక సహకార సంఘమును స్థాపించిరి. అప్పు, ఎరువు, విత్తనము, పంట అమ్మకము ఒకే చోట. డెబ్బది ఏండ్లకు కూడ అది నిలిచి పనిచేయుచున్నది. దేశవిదేశములనుండి దానిని చూచుటకు వచ్చువారు కలరు. మన ఊరినుండి పోయి చూచినవారి సంఖ్య మాత్రము ఈ సభలో అడుగను.

అంతకంటె మన విషయమునకు దగ్గరగా నున్నది ముల్కనూరు మహిళల పాల డెయిరీ. అది పని ప్రారంభించినది 2000 సంవత్సరమున; ఇంచుమించు మన గ్రంథాలయము తలుపులు తెరచిన కాలముననే. సభ్యులందరు స్త్రీలే. 1995నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద, ప్రభుత్వము వాటా ధనముగాని పెత్తనముగాని లేకుండ, సహవికాస సంస్థ సలహాతో నిలబడినది. అంతకు ముందు పాలు పోయు తల్లికి తన పాలలో వెన్న యెంత యున్నదో తెలియదు. కొలిచినవాడు చెప్పినదే లెక్క. అచ్చట ఊరూర సంఘము పెట్టి, పాలను అందరి ఎదుట పరీక్షించి, అంకె ఆమె పుస్తకములో వ్రాయసాగిరి. సంవత్సరాంతమున మిగిలిన దానిలో పోసిన పాలనుబట్టి బోనసు ముట్టును. 'స్వకృషి' యను పేరుతో ఆ పాలు పట్టణములలో అమ్ముడగుచున్నవి. ఇంటిలో ఎద్దుల బేరమునకు కూడ నోరెత్తని స్త్రీలు మహాసభలో లేచి డీజిలు ఖర్చెందుకు పెరిగినదని అడుగుట నేను కన్నులార చూచితిని.

పాల కొలతపాత్ర ఆమె ఎదుట పెట్టబడినది. డ్రైవరు ఎదుట పెట్టవలసిన కొలతపాత్ర ఏది? బేరము ఎవరికి ఏ లెక్కన పోవుచున్నదో తెలుపు నియమమే. దానిని ఈ యాప్‌ల భాషలో అల్గారిథమ్ అందురు. పేరు విని జడియవలదు. "దగ్గరనున్న బండికి ముందు, సమదూరమున రెండున్నచో ఉదయమునుండి బేరము దొరకని వానికి ముందు" — ఇదియు అల్గారిథమే. మన ఆటో అడ్డామీద వరుస తప్పిన వానితో జగడమాడునప్పుడు మనవారు చర్చించునది అదియే. భేదమేమన, అడ్డామీద ఆ నియమము అందరికి తెలియును. కంపెనీ యాప్‌లో ఎవనికిని తెలియదు.

ఇప్పుడు కష్టములు చెప్పెదను. మొదటిది, పెద్ద కంపెనీలు కోట్లు కుమ్మరించి ప్రయాణికునకు కూపన్లు పంచును. తొలి ప్రయాణము పది రూపాయలకే యనిన, మనమే సొంత సంఘపు బండిని విడిచి దాని నెక్కుదుము. రెండవది, ప్రయాణికుడు లేని యాప్‌కు డ్రైవరు రాడు, డ్రైవరు లేని యాప్‌కు ప్రయాణికుడు రాడు. న్యూయార్కు సంఘము మొదలు అన్నిచోట్ల ఈ చిక్కే. మూడవది మనలోని చిక్కు: సంఘములో వాటా యుంచుకొని, బేరము బయట చూచుకొనుట. పాలు ప్రయివేటు డెయిరీకి పోసి బోనసు సంఘములో అడుగువారిని నేనెరుగుదును.

అందుచేతనే హైదరాబాదువంటి మహానగరములో కంపెనీలతో తలపడుటకంటె సిద్దిపేటవంటి పట్టణమున ఆరంభించుట మేలని నా అభిప్రాయము. ఇచ్చట ప్రయాణికుడును డ్రైవరును ముఖపరిచయము గలవారు. ఆసుపత్రికి, బస్‌స్టాండుకు, మార్కెట్ యార్డుకు, కోమటి చెరువు కట్టకు, చుట్టుపట్ల పల్లెలకు — తిరుగు దారులు పదో పండ్రెండో. కూపను ఆశకంటె, రాత్రివేళ నొప్పులు పడుచున్న కోడలిని ఆసుపత్రికి చేర్చు బండి తప్పక వచ్చునను నమ్మకమే ఇచ్చట విలువైన సరకు.

ఊరక లెక్క కొరకు అరువది ఆటోలనుకొందము. ఒక్కొక్కరు వేయి రూపాయల వాటా వేసిన 60,000. రోజుకు పది రూపాయల చందా ఇచ్చిన దినమునకు 600, నెలకు 18,000. దీనితో ఫోను నెత్తు ఒక గుమాస్తాకు జీతము, సర్వరు అద్దె, పిడికెడు ప్రమాద నిధి వెళ్లునా? కష్టముమీద వెళ్లును. సొంతముగా యాప్ వ్రాయించుటకు మాత్రము చాలదు. అందుచేత మొదటి యేడు యాప్ వలదు. ఒక ఫోను నెంబరు, ఒక రిజిస్టరు, వరుస నియమము చాలును. రెండవ యేట, ఎవరైనను వాడుకొనదగునట్లు బహిరంగముగా నున్న సాఫ్టువేరు దొరకుచున్నది గనుక, ఫ్రాన్సువారివలె నాలుగైదు పట్టణముల సంఘములు కలిసి దానిని దిద్దించుకొనవచ్చును. సిద్దిపేట, గజ్వేలు, దుబ్బాక, హుస్నాబాదు చాలవా? ఏడాదిలో ఇన్ని బేరములైనను సంఘము ద్వారా నడుపనివానికి ఓటు లేదని ఉపనిబంధనలలో మొదటనే వ్రాయవలెను. ఐడీ మూయవలసినచో ముగ్గురు సభ్యుల యెదుట విచారణ జరిగి, మినిట్సులో కారణము వ్రాయబడవలెను. ఈ రెండు నియమములు లేని సంఘమునకు నేను పద్దు వ్రాయను.

ఈ సభ జరుగుచున్న చోటును గూర్చి ఒక మాట. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి తెలంగాణములో గ్రంథాలయమన్నది చందాదారుల సొత్తుగా నడచినది. నిజాము కాలమున సభ జరుపుకొనుటకు అనుమతి కావలసి యుండగా, చందా పుస్తకము, హాజరు పట్టిక, ఓటు అనునవి మనవారికి అలవాటైనది ఇట్టి గదులలోనే. మన గ్రంథాలయము ఎరువు పుస్తకము ఇప్పటికిని ఆ బల్లమీద తెరచియే యుండును. ఏ పుస్తకము ఎవరివద్ద నున్నదో ఎవరైన చూడవచ్చును. (భారతము మూడవ సంపుటము ఎవరివద్ద నున్నదో కూడ అందులో వ్రాసియున్నది, వారు ఈ సభలోనే యున్నారు, పేరు చెప్పను.)

మా పిల్లవాడు నిన్న ఊరికి వచ్చియున్నాడు. వెనుక వరుసలో నిలుచున్నాడు. తిరిగి హైదరాబాదు పోవుటయా, సిద్దిపేటలో ఆటో తీసికొనుటయా యని ఊగిసలాడుచున్నాడు. పొమ్మనియు వలదనియు నేను చెప్పలేదు. బస్‌స్టాండు అడ్డావారు పదునలుగురు వచ్చే ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు ఈ గదికి వచ్చుటకు ఒప్పుకొన్నారు. ముల్కనూరు సంఘపు ఉపనిబంధనల ప్రతినొకదానిని సంపాదించుటకు యత్నించుచున్నాను. కార్యదర్శిగారు బల్లను, దీపమును ఇచ్చెదమనిరి. రిజిస్టరు నేను తెచ్చెదను. మొదటి పుటలో గీతలు మా పిల్లవాడే గీయును. వాని చేతివ్రాత నాకంటె బాగుండును.